మిద్దె మీద ఎండిన కటుకరోహిణి

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు కనిపిస్తే నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఇప్పటిదాకా ఏం తప్పు చేశారు? చాలామంది నవ్వేసి, ఏమీ లేదు సార్ అంటారు. వాళ్లను చూస్తే నాకు భయం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇరవై తొమ్మిదేళ్లు నేను కూడా అదే మాట చెప్పుకుని తిరిగినవాణ్ణి. ముప్పయ్యో ఏట ఏం జరిగిందో చెబుతాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. నా మొత్తం సర్వీసులో గర్వంగా చెప్పుకోగలిగింది ఇదొక్కటే.

వరంగల్‌లో ఆయుర్వేద ముడిసరుకులు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో నేను సీనియర్ అనలిస్టుని. మందుల కంపెనీలు కొనే వేర్లు, బెరళ్లు, కాయలు మా దగ్గరికి వచ్చేవి. వాటిని పొడి చేసి, సారం తీసి, యంత్రంలో పెడితే అసలు పనిచేసే పదార్థం ఎంత ఉందో తేలుతుంది. ఉండాల్సినంత ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్. కింద నా సంతకం. ఆ సంతకమంటే నాకు ఎంత మోజంటే, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా తొందరపడకుండా, గీత చెదరకుండా పెట్టేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాది పాలకుర్తి దగ్గర పల్లె, మా నాన్న మిర్చి రైతు. మా ఇంట్లో ఎండ అంటే సగం దేవుడు. సరుకు మెత్తబడిందా, ఎండలో వేయి. బూజు వాసన వచ్చిందా, ఎండలో వేయి. మనిషికి జలుబు చేసిందా, పోయి ఎండలో కూర్చో. ఆ బుద్ధితోనే ల్యాబుకు వచ్చాను. ఒకసారి తడి వేర్లకు బూజు పట్టి శాంపిల్ పాడైతే నేనే ఒక కట్టుబాటు పెట్టాను. చెమ్మగా వచ్చింది ఏదైనా సరే ముందు ల్యాబు మిద్దె మీద ఎండాలి, ఆ తర్వాతే లోపలికి రావాలి. ఎక్కడా రాయలేదు, అటెండరుకు చెప్పానంతే. ఆయన నాకన్నా పెద్దవాడు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఏ సరుకును ఎలా ఆరబెట్టాలో మా పరీక్షల పుస్తకంలో విడివిడిగా ఉందని నాకు తెలియక కాదు. ఎండ గురించి మిర్చి రైతు కొడుకుకు పుస్తకం చెప్పేదేమిటని అనుకున్నాను. మా ఇంటి మిర్చి కూడా ఏటా ఆ మిద్దె మీదే ఎండేది.

ఆ ఏడు వానలు వెనకబట్టి, మళ్లీ ఎండలు ముదిరిన రోజుల్లో ఒక కంపెనీ నుంచి కటుకరోహిణి శాంపిల్ వచ్చింది. అది మన వైపు పెరగదు. హిమాలయాల్లో, చెట్లు కూడా నిలవని ఎత్తులో, రాళ్ల సందుల్లో పాకే చిన్న మొక్క. దాని వేరు కాలేయానికి మందు. ఎంత చేదంటే వేపాకు దాని ముందు బెల్లం. ఆ చేదు పదార్థమే మందు, అదెంత ఉందో మేం కొలవాలి. కంపెనీకి సరుకు అమ్మింది మన వరంగల్ బజారులోనే ఒక మూలికల దుకాణం. కవరు లోపల చెమ్మ కనబడింది కాబట్టి వేరు మూడు రోజులు మిద్దె మీద ఎండింది. నేను పరీక్ష చేశాను. చేదు పదార్థం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ప్రమాణానికి తగదని రాసి, పక్కనే ‘కల్తీ అయి ఉండవచ్చు’ అని కూడా రాసి సంతకం పెట్టాను. ఆ చివరి ముక్క రాయమని నన్నెవరూ అడగలేదు. చేయి ఊరుకోక రాశాను.

రిపోర్టు వెళ్లిన నాలుగో రోజున ఆ దుకాణం యజమానురాలు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. తండ్రి పోయాక దుకాణం తనే నడుపుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. రిపోర్టు జిరాక్సు నా టేబుల్ మీద పెట్టి అడిగింది.

“ఈ సంతకం మీదేనా సార్?”

“నాదే.”

“కల్తీ అని రాసిండ్రు. ఏం కలిపిన నేను? జర చెప్పుండ్రి, నాగ్గూడ ఎర్కయితది.”

యంత్రం తక్కువ చూపించింది, నేను అదే రాశాను అన్నాను.

“మీ మిషినుకు తక్కువ కనవడ్డది. మా బజారుకు నేను దొంగ లెక్క కనవడుతాన్న. కంపెనోళ్లు ఈ కాగితం ఫోటో తీసి వ్యాపారుల గ్రూపుల ఏసిండ్రు. మా నాయిన గద్దె మీద కూసున్న కాలం సంది ఎత్తుకొండ సరుకు తప్ప తెప్పియ్యలె మేము. నిన్న పక్క దుకాణం పెద్దాయిన నా ముఖం దిక్కు సూడకుంట పోయిండు సార్. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి.”

ఎత్తుకొండ సరుకంటే ఏమిటో ఆమే చెప్పింది. బజారులో కటుకరోహిణి మూడు రకాలు. కింది కొండల్లో సాగుచేసింది, నడిమి కొండది, మంచు అంచున పెరిగింది. పైకి పోయేకొద్దీ చేదు ఎక్కువని వర్తకుల లెక్క. ఆ మాట మా పుస్తకాల్లోనూ ఉంది. చలి, మండే ఎండ, ఏడాదిలో నాలుగు నెలలే ఎదిగే అవకాశం, వీటిని తట్టుకోవడానికి కొన్ని మొక్కలు ఇలాంటి పదార్థాలను ఎక్కువగా తయారుచేసుకుంటాయి. అన్నీ అలా కావు. పైకి పోయేకొద్దీ మందు తగ్గే మొక్కలూ ఉన్నాయి. అందుకే కొలిస్తే తప్ప చెప్పలేమన్నాను.

“మేము గూడ కొలుస్తం,” అంది ఆమె. “చిన్న ముక్క నమిలి దుకాణం మెట్టు దిగాలె. ఎవ్వలితోని మాట్లాడకుంట, నీళ్లు తాగకుంట నడవాలె. బజారు కొసదాక చేదు నిలవడ్డదంటే పైకొండది. నడుమల పోయిందంటే నడిమిది. మా నాయిన నాకు నేర్పిన పరీక్ష గదే.”

నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా. లక్షల యంత్రం పక్కన కూర్చున్నవాడికి నాలుకతో పరీక్ష అంటే నవ్వు రాక ఏమవుతుంది? ఆమె నా నవ్వు చూసింది, జిరాక్సు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు.

ఆమె వెళ్లాక మా వృక్షశాస్త్రం మేడం నా గదికి వచ్చింది. మైక్రోస్కోపు కింద వేర్లను చూసి ఇది ఫలానా మొక్కే అని తేల్చేది ఆమె. ప్రతి శాంపిల్‌లోంచి పిడికెడు ముందే తీసుకుని, పాత న్యూస్ పేపర్లలో చుట్టి, అల్మారాలో నీడన ఆరబెట్టుకోవడం ఆమె అలవాటు. దానికి నేను ఆమెను పేపర్ల మేడం అని ఏడిపించేవాణ్ణి.

“సార్, నేను చూసిన దాంట్లో వేరే వేరు ముక్క ఒక్కటి లేదు. అసలైన రోహిణే. మీరు కల్తీ అని ఎట్ల రాసిండ్రు?”

ఆ సాయంత్రం దుకాణానికి ఫోన్ చేసి, మూడు ఎత్తుల నుంచి మూడు శాంపిళ్లు తెప్పించగలవా అని అడిగాను. ఆమె చేతి మీదుగా వద్దు, సరుకు పంపే కొండపల్లె వాళ్లే నేరుగా ల్యాబుకు పంపాలి అన్నాను. “ఏడికెల్లయినా తెప్పిస్త సార్. మీరు మంచిగ సూడుండ్రి, చాలు,” అంది.

అటవీశాఖ అనుమతి కాగితాలతో సహా పార్సిల్ రావడానికి నెల పైనే పట్టింది. కిందిది, నడిమిది ఎండుసరుకుగా వచ్చాయి. పైది మాత్రం అప్పుడే తవ్వింది కావడంతో మట్టితో, పచ్చిగా వచ్చింది. పరీక్ష చేశాను. కింది సరుకులో చేదు పదార్థం బాగానే ఉంది, నడిమి దాంట్లో ఇంకాస్త ఎక్కువ ఉంది. అన్నిటికన్నా పైది అన్నిటికన్నా తక్కువ చూపించింది! ఉన్నమాట చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. నా రిపోర్టు నిలబడిందని. వెంటనే ఆమెను పిలిపించాను.

“చూడమ్మా, మీ ఎత్తుకొండ సరుకే అన్నిటికన్నా చప్పది,” అన్నాను.

ఆమె మిగిలిన ముక్కలు చూపించమంది. పై సరుకులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. నాలుగు నమిలి, చేతిలోకి ఉమ్మి, దాన్ని నా ముందుకు చాపింది.

“ఇది రోణి గాదు సార్. రోణి పీనుగ. దీన్ని ఎవ్వలో సంపిండ్రు. ఏడ ఆరవెట్టిండ్రు దీన్ని?”

తలుపు దగ్గరున్న అటెండరు గర్వంగా ముందుకు వచ్చాడు. “మిద్దె మీద అమ్మా! గా రెండు ఎండియే వచ్చినయి గని ఇది పచ్చిగుండె. పైకొండది, ముఖ్యమైంది అని సార్ చెప్పిండు గద, అందుకే దీన్ని అయిదు దినాలు మంచిగ ఎండవెట్టిన. మంచు వడుతదని పొద్దుమీకంగనే లోపల వెట్టి, పొద్దుగాల మల్ల ఏసిన.”

ఆమె మెట్లెక్కింది. వెనకే మేమూ. మిద్దె మీద రేకు తట్టలో వేరు ముక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి. పక్కనే గోనెపట్టా మీద మా ఇంటి మిర్చి ఎర్రగా మెరుస్తోంది. ఆమె తట్టను చూసింది, మిర్చిని చూసింది, నన్ను చూసింది.

“సార్, రోణిని నీడకు ఆరవెడుతరు. కొండల మీద ఆడోళ్లు ఇంట్ల అటకల మీద, గాలి తగిలే తావుల ఆరవోస్తరు. మీరు దీన్ని మిర్చి లెక్క ఎండవెట్టిండ్రా?”

మొదటి శాంపిల్ కూడా ఇదే తట్టలో, ఇదే ఎండలో మూడు రోజులుంది. బతికి ఉన్నంతకాలం ఎండకు ఎదురు నిలిచి మొక్క కూడబెట్టుకున్న చేదును, తవ్వి తీశాక అదే ఎండలో పడేసి నేను పోగొట్టాను. పైగా పోగొట్టింది చాలక, లేదని రాసి సంతకం పెట్టాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని దొంగను చేసింది యంత్రం కాదు, నేనే. అటెండరు ముఖం వాడిపోయింది. “సార్, నేనేమన్న తప్పు జేసిన్నా?” అన్నాడు. తప్పు నీది కాదు, నేను చెప్పిందే నువ్వు చేశావు అన్నాను. ఆ మాట బయటికి రావడానికి చాలా బలం కావాల్సి వచ్చింది.

పేపర్ల మేడం అప్పటిదాకా మిద్దె గుమ్మంలో నిలబడి వింటోంది. “నా అల్మారాలో ఉన్నయి సార్. మొదటి శాంపిల్‌లో పిడికెడు, ఈ మూడింట్లోంచి పిడికెడు పిడికెడు. అన్నీ నీడకు ఆరినయే. తీసేటప్పుడు తేదీ రాసి పెట్టిన,” అంది. ఆ రోజు నుంచి నేను ఆమెను పేపర్ల మేడం అని పిలిస్తే అది వెక్కిరింత కాదు, బిరుదు.

మా డైరెక్టరు చెడ్డవాడు కాదు, కానీ ఫైలు మనిషి. సంగతి విని పెన్నుకు మూత పెట్టాడు. “మళ్లీ పరీక్ష చెయ్యండి, కాదనను. బాగా వస్తే కొత్త శాంపిల్ అని కొత్త రిపోర్టు ఇద్దాం. పాతది పాతదిగానే ఉండనియ్యండి. ల్యాబు తప్పు అని కాగితం మీద పెడితే రేపు ప్రతి ఫెయిలైన వ్యాపారీ వచ్చి కూర్చుంటాడు. మీకు ఎనిమిది నెలల సర్వీసు ఉంది, ప్రశాంతంగా రిటైర్ అవండి.”

నిజం చెప్పాలంటే ఆ దారి నాకు నచ్చింది. ఇంటికి వెళ్లేదాకా నచ్చుతూనే ఉంది. ఇంట్లో నా భార్య అంతా విని ఒక్కటే మాట అంది: “కొత్త రిపోర్టుల ఆమె సరుకు బాగున్నదని ఉంటది. మరి ఆమె దొంగ గాదని ఏడ ఉంటది?” మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గదిలోకి వెళ్లి, పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటేనే పరీక్ష చేస్తాను, లేకపోతే నా చేత చేయించకండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కంపెనీ వాళ్లను కూడా పిలవండి, వాళ్ల ముందే తేలనియ్యండి అన్నాడు.

పరీక్ష రోజు మా చిన్న గదిలో డైరెక్టరు, కంపెనీ క్వాలిటీ ఆఫీసరు, మేడం, అటెండరు, దుకాణం ఆవిడ, నేను. మేడం నాలుగు పొట్లాలు కట్టి, వాటి మీద అంకెలు మాత్రం వేసింది. ఏది ఏమిటో రాసిన చీటీని కవరులో పెట్టి అంటించి డైరెక్టరు చేతికిచ్చింది. ప్రతి పొట్లంలోంచి కొంత తీసుకుని నేను సారం చేసి యంత్రంలో పెట్టాను. అది తన పని ముగించడానికి సమయం పడుతుంది. అప్పుడు దుకాణం ఆవిడ లేచి నిలబడింది.

“మిషిను కంటే ముందుగాల నేను చెప్పొచ్చా సార్?”

క్వాలిటీ ఆఫీసరు నవ్వాడు. అచ్చం నేను నవ్విన నవ్వే. ఎదుటివాడి ముఖం మీద చూస్తే అదెంత వికారంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. “చెప్పు చెల్లె,” అన్నాను. చెల్లె అని నేను ఆమెను పిలవడం అదే మొదలు.

ఆమె మొదటి ముక్క నమిలి మా వరండాలోకి నడిచింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి. మధ్య మధ్య నోరు కడుక్కుని, చిటికెడు అటుకులు నమిలి, చాలాసేపు ఆగి, తర్వాతి ముక్క. మా ఆఫీసు మొత్తం తలుపుల దగ్గర నిలబడి చూసింది. టైపిస్టు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఎన్ని మార్లు తిరిగిందో. రెండో ముక్కకు ఆమె పదకొండు మార్లు తిరిగి కూడా ఆగలేదు. అటెండరు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. చివరికి వచ్చి నాలుగు పొట్లాలను వరసగా పెట్టింది.

“మూడు నెంబరు కిందికొండది. ఒకటి నడిమిది. రెండు, నాలుగు పైకొండయి. వాటిల నాలుగోది మా దుకాణంది.”

“రెండూ పైవే అంటివి గదా, నాలుగోదే మీది అని ఎట్ల తెలిసింది?” అన్నాడు ఆఫీసరు.

“మా గోదాంల ఏడాదున్నది సార్ అది. రెండోది కొత్తగ తవ్వింది. ముసలోని చేదు వేరే, పడుసోని చేదు వేరే.”

ఆయనకు నమ్మకం కుదరలేదు. రెండో పొట్లంలోంచి ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అంతే, కళ్లలో నీళ్లు తిరిగాయి, నల్లా ఎక్కడుందని సైగ చేశాడు. తిరిగొచ్చేసరికి యంత్రం గీతలు గీసేసింది. మూడు అన్నిటికన్నా తక్కువ. ఒకటి దానికన్నా మెరుగు. రెండు, నాలుగు వాటి మీద కొండలా లేచి పక్కపక్కన నిలబడ్డాయి. రెండూ ప్రమాణం దాటి చాలా పైన ఉన్నాయి. డైరెక్టరు కవరు చించి చీటీ చదివాడు. మూడు కింది కొండ, ఒకటి నడిమి కొండ, రెండు పై కొండ, నాలుగు దుకాణం శాంపిల్.

నేను పిల్లాడిలా చప్పట్లు కొట్టాను. యాభై తొమ్మిదేళ్ల వయసులో, నా తప్పు రుజువైనందుకు చప్పట్లు కొట్టుకున్న అనలిస్టుని నేనొక్కణ్ణే అయ్యుంటాను. మేడం కళ్లు తుడుచుకుంది. ఆఫీసరు నోరు ఇంకా వంకరగానే ఉంది, అయినా “అమ్మా, మీ సరుకు మాకే కావాలి,” అన్నాడు. మీరు కూడా ఏదో ఒకరోజు తప్పు చేస్తారు. ఆ తప్పు పూర్తిగా బయటపడిన క్షణంలో ఎంత తేలిగ్గా ఉంటుందో అప్పుడు గాని మీకు తెలియదు.

అప్పుడే డైరెక్టరు ముందు కూర్చుని కాగితం రాశాను. పాత రిపోర్టు రద్దు. సరుకు అసలైనది, ప్రమాణానికి మించినది. దాన్ని ఎండలో ఆరబెట్టించింది నేను, కాబట్టి తప్పు నాది. కల్తీ అన్న మాట ఆధారం లేకుండా రాశాను, అందుకు క్షమించమని కోరుతున్నాను. ఆయన ఒక్కో వాక్యం చదివి, నిట్టూర్చి, ముద్ర వేశాడు. ఆ కాగితాన్ని ఆమె చేతికిచ్చాను. ఆమె చదివి, మడత పెట్టి, మళ్లీ నాకే ఇచ్చింది.

“మంచిగ రాసిండ్రు సార్. గని బజార్ల పోయిన ఇజ్జత్ ఆఫీసుల దొరుకుతదా? బజార్లనే ఇయ్యుండ్రి.”

నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున దుకాణాలు తెరిచే వేళకు వెళ్లాను. తెల్లకోటు వేసుకునే వెళ్లాను, మొదటి కాగితం ఆ కోటులోంచే వచ్చింది కాబట్టి. అటెండరు వద్దన్నా వినకుండా వెంట వచ్చాడు. ఆమె నన్ను దుకాణం మెట్టు మీద నిలబెట్టి, చుట్టుపక్కల వాళ్లందర్నీ పిలిచింది. పప్పుల దుకాణం వాళ్లు, కుంకుమ దుకాణం వాళ్లు, హమాలీలు, సరుకులకు వచ్చిన పల్లెజనం, పాతిక మందికి పైగానే చేరారు. పక్క దుకాణం పెద్దాయన తన గద్దె మీద నుంచి కదల్లేదు, కానీ చేతిలో త్రాసు ఆగిపోయింది.

కాగితం మీంచి తల ఎత్తకుండా చదివాను. ఎవరూ నవ్వలేదు. చదవడం అయిపోయాక పెద్దాయన త్రాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, మెల్లగా మా మెట్టు దగ్గరికి వచ్చాడు.

“నాకు సరిగ ఇనరాదు సారూ. ఇంకోపారి సదువుండ్రి. జర గట్టిగ.”

గట్టిగా చదివాను. ఆయన ఆమె వైపు తిరిగాడు. “బిడ్డా, నేను నిన్ను ముందుగాల అడగాలె. అడగకుంటనే నమ్మిన. నాది తప్పయింది,” అన్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. నా ముందు గానీ, కంపెనీ వాళ్ల ముందు గానీ ఒక్క చుక్క రాల్చని మనిషి, ఆయన చేయి పట్టుకుని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇంతలో వీధి చివరి నుంచి ఇంకొందరు వచ్చి ఏమైంది ఏమైందని అడిగారు. పెద్దాయనే నా వైపు చేయి చూపించి, ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి కాగితం చూడాల్సిన పని పడలేదు. తప్పు నాది అన్నచోట బజారు మొత్తానికి వినబడేలా చెప్పాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా భుజం తట్టింది.

“చాలు సార్. ఇగ జర పక్కకు జరుగుండ్రి, గిరాకీ వచ్చింది.”

నేను జరిగాను.